కబ్‌లు, బుల్‌బుల్‌లు: బ్యాడ్జి వెనుక ఉన్న పని

విద్యార్థి వేతనాల దరఖాస్తులతో పాటు తల్లిదండ్రులు జతపరిచే పత్రాలలో కబ్, బుల్‌బుల్ ధ్రువపత్రాలు కూడా కనిపిస్తున్నాయి. "ఇవి దేనికి పనికివస్తాయండీ?" అని కొందరు, "మా పాపకు ఇంకా రాలేదు, ఎలా తెప్పించాలి?" అని మరికొందరు అడుగుతున్నారు. బెంగుళూరులో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా ఉంటూ పద్దెనిమిదేళ్లు కబ్ ప్యాక్ నడిపినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు రాసే పని నాకు అప్పగించారు. రెండవ ప్రశ్నలోని "తెప్పించడం" అనే మాటతోనే నాకు పేచీ. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందుగా పేర్లు తెలుసుకుందాం. మన దేశంలో ఈ పని చూసే ప్రధాన సంస్థ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. వేరువేరుగా ఉన్న స్కౌటు సంఘాలు కలిసి 1950 నవంబరు 7న ఇది ఏర్పడింది. మరుసటి సంవత్సరం బాలికల గైడు సంఘం కూడా ఇందులో చేరింది. ఐదేళ్లు నిండి పదేళ్లు దాటని అబ్బాయిలను కబ్‌లు అనీ, అమ్మాయిలను బుల్‌బుల్‌లు అనీ పిలుస్తారు. వారికన్నా చిన్నవారికి బన్నీ విభాగం ఉంది. పదేళ్ల తరువాత స్కౌటు, గైడు. ఆ పైన రోవర్, రేంజర్. రోడ్డు మీద కవాతులో మనం చూసేది ఎక్కువగా పెద్ద పిల్లలనే. అందుకే ఇదంతా హైస్కూలు వ్యవహారం అని చాలామంది అనుకుంటారు.

బేడెన్ పవెల్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి 1907 ఆగస్టులో బ్రౌన్సీ ద్వీపంలో సుమారు ఇరవై మంది కుర్రవాళ్లతో మొదటి శిబిరం నడిపాడు. రెండేళ్లలోనే, 1909లో, ఇక్కడ మన బెంగుళూరులో కెప్టెన్ బేకర్ భారతదేశపు తొలి స్కౌటు దళాన్ని ఏర్పాటు చేశాడు. అది తెల్లవారి పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే. మన పిల్లలకు ఆ తలుపు తెరుచుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1916లో మద్రాసులో అనీబిసెంట్, అరండేల్ గార్లు, 1917లో అలహాబాదులో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ గార్లు వేరే సంఘాలు పెట్టి ఆ లోటు తీర్చారు.

చిన్న పిల్లల విభాగం రావడానికి కారణం చిన్న పిల్లలే. అన్నలు శిబిరాలకు వెళుతుంటే తమ్ముళ్లు మేమూ వస్తామని వెంటపడ్డారు. వారిని పెద్దవారితో కలిపితే పెద్దవారికి విసుగు, చిన్నవారికి శ్రమ. అందుచేత 1916లో వారికోసం వేరే పుస్తకం, వేరే పద్ధతి తయారయ్యాయి. ఆ పద్ధతికి ఆధారం రడ్‌యార్డ్ కిప్లింగ్ 1894లో వెలువరించిన జంగిల్ బుక్ కథలు. కిప్లింగ్ పుట్టింది బొంబాయిలో, కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవులలో. అకేలా అంటే ఒంటరివాడు, బాలూ అంటే భాలూ, అనగా ఎలుగుబంటి. ఇవన్నీ హిందీ మాటలే. కబ్ మాస్టరును పిల్లలు అకేలా అనే పిలుస్తారు. నన్ను "అకేలా మేడమ్" అనేవారు. వ్యాకరణం తెలిసినవారు నవ్వుకుంటారేమో గాని, నాకు ఆ పిలుపు ఇష్టం. బుల్‌బుల్‌లకు తారా అనే అమ్మాయి కథ ఉంది. వారి గుంపును ఫ్లాక్ అంటారు.

ఆ అడవి కథలో ఒక ఘట్టం ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన మనబోటి కుటుంబాలవారు ప్రత్యేకంగా గమనించదగినది. తోడేళ్ల సభకు మనిషి బిడ్డ మౌగ్లీని తెస్తారు. వాడు మన జాతివాడు కాదు, మన మధ్య ఎందుకని కొన్ని తోడేళ్లు అడ్డుపడతాయి. ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు కాకుండా మరో ఇద్దరు మాట్లాడాలన్నది అడవి చట్టం. బాలూ మాట్లాడుతుంది. బగీరా ఒక ఎద్దును వెలగా చెల్లిస్తుంది. అప్పుడు గుంపు బిడ్డను ఒప్పుకుంటుంది. మా ప్యాక్‌లో కన్నడ, తమిళం, ఉర్దూ, తెలుగు మాట్లాడే పిల్లలు కలిసి ఉండేవారు. కొత్త పిల్లవాడు చేరినప్పుడల్లా "ఇతని తరఫున ఎవరు మాట్లాడతారు?" అని నేను అడిగేదాన్ని. ఇది నియమావళిలో ఉన్నది కాదు, నేను పెట్టుకున్న అలవాటు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మధ్య నలిగి ఏ భాషలోనూ నోరు విప్పని తెలుగు బాలుడు ఒకడు, చేరిన ఐదారు నెలలకు, తమిళ పిల్లవాడి కోసం లేచి నిలబడ్డాడు. "ఇతను బాగా పరిగెత్తుతాడు, ఏడవడు" అని కన్నడంలో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. వాడి క్లాసు టీచరుకు ఈ సంగతి చెబితే నమ్మలేదు.

ఇక పని జరిగే తీరు. ఆరుగురు పిల్లలను ఒక సిక్స్ అంటారు. వారిలో ఒకరు సిక్సర్, ఒకరు సెకండ్. నాలుగు సిక్సులు కలిస్తే నిండు ప్యాక్, అంటే ఇరవైనాలుగు మంది. మొదటి మెట్టు ప్రవేశ్. ప్రతిజ్ఞ, నియమం, వందనం, ఎడమచేతి కరచాలనం నేర్చుకుని కబ్‌గా చేరడం అన్నమాట. ఆ తరువాత కబ్‌లకు ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ చరణాలు. బుల్‌బుల్‌లకు అవే మెట్లు రెక్కల పేర్లతో ఉంటాయి: కోమల్ పంఖ్, రజత్ పంఖ్, స్వర్ణ్ పంఖ్, హీరక్ పంఖ్. ఇద్దరికీ ఆఖరిది గోల్డెన్ యారో, అంటే బంగారు బాణం. అది జాతీయ స్థాయిలో ఇచ్చే గుర్తింపు. వీటితో పాటు తోటపని, చిత్రలేఖనం, వస్తుసేకరణ మొదలైన ప్రావీణ్య బ్యాడ్జీలు వేరే ఉన్నాయి. ఏ మెట్టులో ఏ పరీక్ష అన్నది అప్పుడప్పుడు మారుతుంటుంది కనుక మీ యూనిట్ లీడరును అడిగి తెలుసుకోండి.

పరీక్ష అనగానే ట్యూషన్ గుర్తుకు రావలసిన అవసరం లేదు. గోళ్లు, పళ్లు శుభ్రంగా ఉంచుకోవడం, బూట్లు తానే తుడుచుకోవడం, ఇంటి చిరునామా తప్పులేకుండా చెప్పగలగడం, గడియారం చూడడం, రోడ్డు దాటడం, బంతి విసిరి పట్టుకోవడం, చిన్న దెబ్బ తగిలితే కడిగి కట్టు కట్టడం వంటివి అందులో వస్తాయి. రోజుకొక మంచి పని కూడా చేయాలి. తన కంచం తాను తీయడం మంచి పని కింద లెక్క కాదని మా పిల్లలకు చెప్పేదాన్ని. అది వాడి బాధ్యత. పక్కింటి అవ్వకు మందుసీసా మీది అక్షరాలు చదివి పెడితే అది మంచి పని.

ఇంట్లోనే నేర్పగలిగినవి రెండు చెబుతాను. మొదటిది రీఫ్ ముడి. రెండు కొనలు తీసుకుని కుడిచేతి కొనను ఎడమ కొన మీదుగా వేసి కిందికి తిప్పాలి. ఇప్పుడు ఎడమచేతిలోకి వచ్చిన కొనను కుడిదాని మీదుగా వేసి తిప్పి బిగించాలి. రెండుసార్లూ ఒకే వైపు నుండి వేస్తే వచ్చేది జారుముడి. పిల్లల్లో సగం మంది మొదట అదే వేస్తారు. సరైన ముడి బల్లపరుపుగా కూర్చుంటుంది, ఒంటికి ఒత్తుకోదు. కట్లు కట్టడానికి దీనిని వాడేది అందుకే. విప్పాలంటే ఒక కొనను వెనక్కి లాగితే చాలు. లావు తాడును, సన్న తాడును కలపడానికి మాత్రం ఇది పనికిరాదు. దానికి షీట్ బెండ్ అనే వేరే ముడి ఉంది.

రెండవది కిమ్ ఆట. ఈ పేరు కూడా కిప్లింగ్ నవల నుండి వచ్చినదే. పళ్లెంలో పది పన్నెండు వస్తువులు పెట్టి గుడ్డ కప్పండి. గరిటె, పసుపు కొమ్ము, తాళంచెవి, బొత్తాం, అగ్గిపెట్టె, ఏవైనా సరే. గుడ్డ తీసి ఒక నిమిషం చూడనిచ్చి మళ్లీ కప్పి, ఏమేమి ఉన్నాయో చెప్పమనండి. అలవాటయ్యాక వస్తువులు ఇరవై దాకా పెంచవచ్చు. ఒకటి తీసేసి ఏది పోయిందని అడిగితే ఇంకా కష్టం. ఈ ఆటలో నానమ్మలు మనవళ్లను ఓడించడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు "తెప్పించడం" దగ్గరకు వద్దాం. ఒకసారి మొక్క పెంచే పని ఇచ్చాను. విత్తు వేసి, నీరు పోసి, ఆకులు వచ్చాక తెచ్చి చూపించాలి. చూపించే రోజున ఒక అమ్మాయి నడుమెత్తు మందారం కుండీతో ఆటోలో దిగింది. "మొదటి ఆకు ఎన్నాళ్లకు వచ్చింది తల్లీ?" అని అడిగాను. ఆ పిల్ల క్షణం తలవంచుకుని, "ఇది నిన్న నర్సరీలో కొన్నది మేడమ్" అంది. ఎనిమిదేళ్ల పిల్ల, ఇరవై మంది ఎదుట. నేను గుప్పెడు మెంతులు ఇచ్చి, మళ్లీ వేసి తెమ్మన్నాను. మెంతులు నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు పైకి వస్తాయి. మరుసటి రోజు తల్లి వచ్చి కోప్పడ్డారు. "మా వదినగారి అమ్మాయికి అప్పుడే రజత్ పంఖ్ వచ్చింది, మాది వెనకబడిపోతుంది" అన్నారు. నిజం చెప్పినందుకు పాపను మెచ్చుకోవాలని నేనంటే ఆమెకు అది సమాధానంగా తోచలేదు. రెండు వారాల తరువాత ఆ పిల్ల ఐస్‌క్రీమ్ డబ్బాలో మెంతికూర తెచ్చింది. సగం వాడిపోయింది. ఏ రోజు ఎన్ని మొలకలు వచ్చాయో పుస్తకంలో రాసింది. మధ్యలో మూడు రోజులు ఊరికి వెళ్లినందున నీళ్లు పోయలేదని కూడా రాసింది. నేను సంతకం పెట్టాను.

వాడిపోయిన మొక్కకు సంతకం ఎలా పెట్టారని తోటి ఉపాధ్యాయులు అడిగారు. కబ్‌ల, బుల్‌బుల్‌ల ఆదర్శవాక్యం "డూ యువర్ బెస్ట్". శక్తివంచన లేకుండా ప్రయత్నించమని దాని భావం. పక్కవాడికన్నా బాగా చేయమని కాదు. బ్యాడ్జి ఇచ్చేటప్పుడు నైపుణ్యం కన్నా పిల్లవాడు పడ్డ శ్రమను చూడాలని బేడెన్ పవెల్ కూడా చెప్పాడు. మా ప్యాక్‌లో స్కిప్పింగ్ తాడు రెండుసార్లకన్నా ఎక్కువ ఆడలేని బొద్దు పిల్లవాడు నెల్లాళ్లలో పదకొండు దాకా వచ్చాడు. అదే రోజు మరో పిల్లవాడు సాధన ఏమీ లేకుండా యాభై ఆడాడు. నా లెక్కలో ఆ వారం పని చేసినవాడు మొదటివాడే. మార్కుల పద్ధతికి అలవాటుపడిన మన ఇళ్లలో ఈ లెక్క మింగుడుపడడం కష్టమని నాకు తెలుసు.

ఇవి దేనికి పనికివస్తాయన్న ప్రశ్నకు సూటిగా చెబుతాను. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటాలో ఉద్యోగాలు ఉన్న మాట నిజమే. కాని అక్కడ చూసేది రాష్ట్రపతి అవార్డు వంటి పై స్థాయి గుర్తింపులను, పెద్ద శిబిరాలలో పాల్గొనడాన్ని. ఎనిమిదేళ్ల వయసులో వచ్చిన చరణం ఎవరికీ ఉద్యోగం ఇవ్వదు. విద్యార్థి వేతనం దరఖాస్తులో కూడా ధ్రువపత్రం నకలు ఒక్కటే పెడితే చదివేవారికి తెలిసేది చాలా తక్కువ. దానితో పాటు పిల్లవాడు ఏ పని చేశాడో, అందులో ఏది కుదరలేదో వాడి చేతిరాతతో నాలుగు వాక్యాలు జతపరచండి. తెలుగులో రాయగలిగితే మరీ మంచిది. అక్షరదోషాలు మీరు దిద్దవద్దు.

చేర్చాలనుకునేవారు ముందు బడిలో యూనిట్ ఉందేమో విచారించండి. కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయ విద్యాలయాలకు, రైల్వే జోన్లకు సొంత స్కౌటు శాఖలు ఉన్నాయి. ఒడిశాలోను, మహారాష్ట్రలోను రైల్వే కాలనీలలో ఉండే మనవారికి ఇది సులువు. బడిలో లేకపోతే బడితో సంబంధం లేని ఓపెన్ యూనిట్లు మీ ప్రాంతంలో ఉన్నాయేమో జిల్లా సంఘం కార్యాలయంలో అడగండి. చేర్చే ముందు ఒక శనివారం వెళ్లి ప్యాక్ సమావేశం చూడండి. పిల్లలు తాళ్లతో, బంతులతో, కథలతో మునిగి ఉంటే చేర్చండి. గంటసేపు వరుసలో నిలబెట్టి ముఖ్య అతిథి కోసం వందనం సాధన చేయిస్తుంటే మరో యూనిట్ వెతకండి.

వయసు సంగతి మరచిపోవద్దు. తొమ్మిదో ఏట చేరిన పిల్లవాడికి ప్రవేశ్ నుండి బంగారు బాణం దాకా ఎక్కడానికి వ్యవధి చాలదు. అలాంటివారిని తొందరపెట్టకుండా ఎన్ని మెట్లయితే అన్ని ఎక్కనివ్వండి. పదేళ్లు నిండగానే ప్యాక్ వాడిని స్కౌటు దళానికి అప్పగిస్తుంది. అక్కడ మళ్లీ ప్రవేశ్ నుండే మొదలు.