మిట్ట దోవలో సైకిలు: షుగరు, బి.పి. ఉన్నవారికి ఒక పాఠం



పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేము ఓపీలో రోజూ చెప్పేది కూడా అదే. నడవలేం, మోకాళ్లు నొప్పులు అనేవారికి సైకిలు తొక్కమని సలహా ఇస్తాం. సైకిలు మీద మన బరువు చాలావరకు సీటు మోస్తుంది గనుక మోకాళ్లకు అంత కష్టం ఉండదు. అప్పుడు వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది: "ఎక్కడ తొక్కమంటారు సార్?" న్యాయమైన ప్రశ్నే. మన సూళ్లూరుపేట పక్కనుంచి పోయే జాతీయ రహదారి (2010 దాకా 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు) వ్యాయామానికి పనికిరాదు. తెల్లవారుజామున చీకట్లో, నిద్ర చాలని డ్రైవర్లు నడిపే లారీల పక్కన, వెనక లైటు లేని సైకిలు మీద పోవడం ఆరోగ్యం కోసం చేసే పని కాదు. అందుకని వాహనాలు తక్కువగా తిరిగే పల్లె దోవలు, కొండ పక్క దోవలు ఎంచుకోమంటాం.

అలా చెప్పి ఊరుకోవడం ఎంత పొరపాటో మాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది.

మా ఓపీకి వచ్చే ఒక అన్నకు 54 ఏళ్లు. షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వాడేవారు. మా మాట విని సైకిలు పట్టారు. రహదారి వద్దన్నామని, వరదయ్యపాళెం అవతల కొండల దగ్గరున్న చుట్టాల ఊరికి పోయినప్పుడు అక్కడి దోవలో తొక్కారు. ఆ రోజు పొద్దున మాత్ర వేసుకుని, టిఫిను తిరిగొచ్చాక చేద్దాంలే అని కాఫీ తాగి బయలుదేరారు. మిట్ట ఎక్కుతుంటే ఒళ్లంతా చెమట పట్టింది. ఎక్కుడు గదా, చెమట పట్టక ఏమవుతుంది అనుకున్నారు. మిట్ట దిగి చదునులోకి వచ్చినా చెమట ఆగలేదు. చేతులు వణికాయి, కళ్ల ముందు దోవ రెండుగా కనిపించింది. కల్వర్టు గోడకు తగిలి పడిపోయారు. అరగంట దాకా ఆ దారిన ఒక్కరూ రాలేదు. చివరకు మేకలు తోలుకొచ్చిన ఒక తాత చూశాడు. ఆయనకు ఇంకా స్పృహ ఉండబట్టి తాత తన దగ్గరున్న బెల్లం తినిపించి నీళ్లు తాగించాడు. మోచేతి ఎముక విరిగింది గానీ ప్రాణం దక్కింది.

తప్పంతా ఆయనదే అని మేము అనలేము. సైకిలు తొక్కమన్నామే గానీ, మాత్రకూ తిండికీ మిట్టకూ ఉన్న లెక్క మేము ఆయనకు చెప్పలేదు. సందడి లేని రోడ్డు మీద లారీ భయం ఉండదు, నిజమే. కానీ పడితే లేపే మనిషి కూడా ఉండడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతా పాఠం చదవండి.

ముందు మిట్ట సంగతి చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిలు 20 కిలోలు అనుకోండి. చదును రోడ్డు మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోవడం తేలిక. అదే మనిషి ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోయినా, కండరాలు సుమారు మూడింతలు పని చేయాలి. చూసేవాళ్లకు నెమ్మదిగా పోతున్నట్టే ఉంటుంది, లోపల గుండె మాత్రం పరుగెత్తుతూ ఉంటుంది. పైగా వేగం తక్కువ గనుక ఒంటికి గాలి తగలదు, చెమట ఆరదు, ఒళ్లు వేడెక్కుతుంది. ఎంత కష్టపడుతున్నామో తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. తొక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరిపోయేంత శ్రమ. ఒక్కో మాటకు ఆయాసపడుతుంటే ఎక్కువైనట్టే. అప్పుడు దిగి సైకిలు నెట్టుకుంటూ నడవండి. మన ఊళ్లలో అలా దిగి నెట్టడం చిన్నతనంగా అనుకుంటారు. గేర్లు లేని సైకిలుతో మిట్ట ఎక్కేవారికి నెట్టడమే గేరు.

మందు వేసుకునేటప్పుడు మోతాదు ఎలాగో దీనికీ అలాగే. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ శానిటోరియంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు 1905 నుంచి క్షయ రోగుల చేత ముందు కొంచెం కొంచెం నడిపించి, తర్వాత బుట్టలు మోయించి, ఆ తర్వాత పార పట్టించి, శ్రమను మెట్టు మెట్టుగా పెంచాడు. మన వైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి 1915లో తెరిచిన క్షయ శానిటోరియం కూడా, మందులు లేని ఆ కాలంలో, విశ్రాంతినీ కొండగాలినీ నమ్ముకున్నదే. దానికి మొదటి పెద్ద డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్. నేడు క్షయకు మంచి మందులున్నాయి. శ్రమను కొలిచి ఇవ్వాలన్న ఆ పాత బుద్ధి మాత్రం షుగరు రోగికి ఇప్పటికీ పనికొస్తుంది.

మనకు మొదటి మెట్టు శ్రీహరికోట రోడ్డు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా సుమారు 18 కిలోమీటర్లు, అంతా చదును. దీవిలోకి పాసు లేనిదే పోనివ్వరు. అటకానితిప్ప దాకా పోయి తిరిగి రావచ్చు. షార్ బస్సులు తిరిగే వేళలూ రాకెట్ ప్రయోగం రోజులూ తప్పించుకోండి. (1960ల్లో కేరళలోని తుంబాలో రాకెట్ ముక్కు భాగాన్ని సైకిలు మీద పెట్టుకుని తీసుకుపోయే ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. సైకిలును చులకన చేసేవారికి ఆ ఫోటో చూపిస్తే చాలు.) ఈ దారిలో కొండ లేకపోయినా గాలి ఉంది. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి తూర్పు నుంచి ఎదురుకొడుతుంది, అదే చదును నేలలో మిట్ట. పొద్దున్నే పోయి, గాలి లేచేటప్పటికి తిరుగుముఖం పడితే గాలే ఇంటికి తోస్తుంది. చలికాలంలో ఫ్లెమింగో పక్షులు కూడా కనిపిస్తాయి.

ఇబ్బంది లేకుండా రెండు నెలలు తొక్కినవారు పడమటి కొండల వైపు చూడవచ్చు. తడ నుంచి శ్రీకాళహస్తి పోయే రోడ్డు మొదట్లో శ్రీసిటీ లారీలూ కార్మికుల బస్సులూ ఎక్కువ. అక్కడ తొక్కకండి. సైకిలును ఆటోలో వేసుకుని వరదయ్యపాళెం దాటి, పక్క పల్లె దోవల్లో మొదలుపెట్టండి. నాగలాపురం, పిచ్చాటూరు వైపు ఆరణియార్ జలాశయం చుట్టుపక్కల కూడా చిన్న మిట్టలతో మంచి దోవలున్నాయి. ఉబ్బలమడుగు వైపు పోతే అటవీ శాఖ గేటు దగ్గర అడిగి పోండి, ఒళ్లు వేడిగా ఉందని మడుగుల్లో దిగకండి. అక్కడ ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

హార్స్‌లీ కొండ (ఏనుగు మల్లమ్మ కొండ) ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఆ ఘాట్ రోడ్డు పెద్ద పరీక్ష. చిన్న మిట్టల్లో నెలల తరబడి బాగా తొక్కి, ఇ.సి.జి. తీయించుకుని, డాక్టరు సరే అన్నవారు మాత్రమే, అదీ టూరిస్టు కార్లు వచ్చే శని ఆదివారాలు కాని రోజుల్లో పోవాలి. ఆదివారం ఎలాగూ మనం ఆరాధనలో ఉంటాం గదా.

ఇక అసలు విషయం. ఎక్కేటప్పుడు పట్టే చెమట, దిగి నీడన రెండు నిమిషాలు నిలబడితే తగ్గుతుంది. షుగరు పడిపోయి పట్టే చెమట నిలబడినా తగ్గదు, చల్లగా ఉంటుంది, దాంతోపాటు వణుకు, ఆకలి, చిరాకు, చూపు మసకబారడం వస్తాయి. అనుమానం వస్తే నిర్ధారణ కోసం ఆగకండి. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలు కూర్చోండి. తగ్గకపోతే ఇంకోసారి తాగండి. తగ్గాక ఏదైనా తినండి. చాక్లెట్టులో కొవ్వు ఉంటుంది గనుక అది నెమ్మదిగా పనిచేస్తుంది. "షుగరు ఉన్నవాణ్ణి చక్కెర తినొచ్చా?" అని ఆ సమయంలో సందేహపడవద్దు. అప్పుడది మందు. మనిషికి స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

ఈ ప్రమాదం ఇన్సులిన్ వేసుకునేవారికీ, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవారికీ ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చాలా తక్కువ. సైకిలు తొక్కే రోజు ఇన్సులిన్ తొడకు వేసుకోవద్దు, తొడ కండరం పనిచేస్తుంటే మందు తొందరగా రక్తంలోకి పోతుంది. పొట్టకు వేసుకోండి. బి.పి.కి, గుండెకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవారికి గుండెదడ, వణుకు సరిగా తెలియవు, చెమటే ముఖ్యమైన గుర్తు. ఎక్కువసేపు తొక్కిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు, కాబట్టి రాత్రి భోజనం మానకండి. మందు మోతాదు మార్చాలంటే మమ్మల్ని అడిగి మార్చండి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే అక్కడితో ఆపేయండి. ఈ మిట్ట ఒక్కటీ ఎక్కేసి ఆగుదాం అనుకోవద్దు.

దిగేటప్పుడు శ్రమ ఉండదు గానీ ప్రమాదం ఎక్కువ. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ రండి. రిమ్ము తడిసి ఉంటే బ్రేకు సరిగా పట్టదు. కోతల కాలంలో మలుపు తిరగగానే రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. అరికాళ్లు తిమ్మిరిగా ఉండేవారు చెప్పులతో కాక బూట్లతో తొక్కి, ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి. అక్కలు చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా వెనక గార్డు బిగించుకోండి. కుక్క గానీ కోతి గానీ కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు రండి.

మార్చి నుంచి జూన్ దాకా ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, చప్టాల మీద నీళ్లు పారుతుంటే దాటకండి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా వచ్చిందో చూశాం గదా. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు.

బయలుదేరే ముందు ఏ దోవన పోతున్నారో, ఎన్ని గంటలకు వస్తారో ఇంట్లో చెప్పండి. కొండల్లో సెల్ సిగ్నల్ అందదు. వీలైతే ఇద్దరు కలిసి పోండి. జేబులో గ్లూకోజు, రెండు సీసాల నీళ్లు, మీ పేరు, జబ్బు, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు రాసిన కార్డు ఉండాలి. కార్డులు తెలుగులో అచ్చు వేయించి ఓపీ చీటీలు రాసే చోట పెట్టాం, అడిగి తీసుకోండి. ఆ అన్న ఇప్పుడు మళ్లీ సైకిలు తొక్కుతున్నారు. మొదటి కార్డు ఆయనే తీసుకున్నారు.