కీబోర్డు ముందు మన చేతులను కాపాడుకుందాం

మన హాస్టల్లో చదివి బయటికి వెళ్లినవారిలో చాలామంది ఈనాడు కంప్యూటరు మీదనే బతుకుతున్నారు. డి.టి.పి. ఆపరేటర్లు, డేటా ఎంట్రీ చేసేవారు, జూనియర్ అసిస్టెంట్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు... ఉద్యోగం పేరు ఏదైనా పని చేసేది వేళ్లే. మన అమ్మానాన్నలు నడుము వంచి నాట్లు వేసి, పత్తి ఏరి మనల్ని చదివించారు. 'మావాడు నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం చేస్తున్నాడు' అని నలుగురికీ చెప్పుకుని సంతోషిస్తారు. నీడపట్టు పని కూడా ఒంటిని దెబ్బతీస్తుందని మేము కాస్త ఆలస్యంగా తెలుసుకున్నాం. ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందే తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మాలో ఒకరు డేటా ఎంట్రీ పనిలో చేరారు. ఫారానికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవారు. ఎన్ని ఎక్కువ కొడితే అంత డబ్బు. ఇంటికి పంపాలి కదా అని మధ్యాహ్నం భోజనానికి తప్ప లేచేవారు కాదు. ఏడాది తిరిగేసరికి రాత్రిపూట చేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చేతిని విదిలించి, బామ్ రాసుకుని మళ్లీ పడుకునేవారు. చెబితే పనిలోంచి తీసేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. మరో రెండేళ్లకు చేతిలోని గ్లాసు జారి కింద పడటం మొదలైంది. అప్పుడు డాక్టరు దగ్గరకు వెళితే ఆపరేషన్ దాకా వచ్చింది. నొప్పి తగ్గింది గాని బొటనవేలి పట్టు మునుపటిలా తిరిగి రాలేదు.

అసలు ఈ జబ్బు ఏమిటి?

ఒకే కదలికను రోజూ వేలసార్లు, విశ్రాంతి లేకుండా చేయడం వల్ల కండరాలు, స్నాయుబంధనాలు, నరాలు దెబ్బతినడాన్ని 'రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ', పొట్టిగా ఆర్.ఎస్.ఐ. అంటారు. ఇది ఒక్క జబ్బు కాదు, కొన్ని జబ్బులకు కలిపి పెట్టిన పేరు.

కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల వంటివి స్నాయుబంధనాలని జీవశాస్త్రంలో చదువుకున్నాం. వేళ్లను కదిపే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి. వాటి తాళ్లు మణికట్టు దగ్గర ఒక ఇరుకైన దారిగుండా వేళ్లకు చేరతాయి. కింద ఎముకలు, పైన గట్టి పట్టీ ఉన్న ఆ దారిలోనే 9 తాళ్లు, వాటితోపాటు మీడియన్ నరం ఇమిడి ఉంటాయి. తాళ్ల చుట్టూ వాపు వస్తే చోటు చాలక నరం నలుగుతుంది. దీనినే 'కార్పల్ టనెల్ సిండ్రోమ్' అంటారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారతాయి. చిటికెన వేలికి ఏమీ కాదు, ఎందుకంటే దాని నరం వేరు. అయితే ఈ ఒక్క జబ్బుకు కంప్యూటరే కారణమని ప్రతిసారీ చెప్పలేం. బలంగా పట్టి చేసే పనులు, అదిరే యంత్రాలు, మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం కూడా కారణాలు కావచ్చు. కాబట్టి పరీక్ష చేయించుకోవడమే మంచిది.

ఇది కొత్త జబ్బు కాదు

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1713లో వెలువడిన తన గ్రంథంలో రాయసగాళ్ల జబ్బుల గురించి రాశాడు. కదలకుండా కూర్చోవడం, చేతిని ఎప్పుడూ ఒకే తీరున ఆడించడం, తప్పు పడకూడదని మనసు బిగబట్టడం అనే 3 కారణాలు చెప్పాడు. మూడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ మూడూ మన ముందే ఉన్నాయి. బ్రిటన్‌లో 1908లో టెలిగ్రాఫ్ ఉద్యోగుల చేతి నొప్పిని నష్టపరిహారం ఇవ్వదగిన వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చారు. ఇంత దూరం ఎందుకు, తెలంగాణ జిల్లాల్లో బీడీలు చుట్టే మన తల్లులను అడగండి. మెడ, భుజాలు, వేళ్లు ఎలా సలుపుతాయో వారే చెబుతారు.

టైపు మిషను రోజుల్లో వరుస అయిపోగానే చేత్తో క్యారేజీ జరపాలి, పేజీ అయిపోగానే కాగితం మార్చాలి. ఆ కాసేపు వేళ్లకు విశ్రాంతి దొరికేది. కంప్యూటరులో ఆ అవసరం లేదు. అందువల్ల విశ్రాంతిని మనమే కల్పించుకోవాలి.

కూర్చునే పద్ధతి

ఖరీదైన కుర్చీ ఉంటేనే జాగ్రత్త తీసుకోగలమని అనుకోవద్దు. ఉన్నవాటితోనే సరిచేసుకోవచ్చు.

1. మోచేయి ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. బల్ల ఎత్తుగా ఉంటే కుర్చీలో దుప్పటి మడిచి వేసుకోండి. పాదాలు నేలకు అందకపోతే కింద పీట గాని, ఇటుకలు గాని పెట్టుకోండి.

2. మణికట్టు పైకీ కిందికీ, పక్కలకూ వంగకుండా ముంజేతితో తిన్నగా ఉండాలి. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను మడిచేయండి. అవి లేపితే మణికట్టు పైకి వంగుతుంది.

3. మౌస్‌ను కీబోర్డు పక్కనే ఉంచండి. చేయి చాపి అందుకునేలా ఉంటే భుజం నొప్పి వస్తుంది. మౌస్‌ను గట్టిగా పట్టుకోవద్దు.

4. మానిటర్ చేయి చాపినంత దూరంలో, పై అంచు కంటికి సమానంగా ఉండాలి. తక్కువైతే కింద పాత పుస్తకాలు పేర్చండి.

5. మీటలను బాదవద్దు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నవారికి ఈ అలవాటు ఎక్కువ. కంప్యూటరు మీటకు మెల్లగా తాకితే చాలు. పది వేళ్లతో కొట్టడం నేర్చుకుంటే భారం అన్ని వేళ్లకూ పంచబడుతుంది.

ల్యాబులో ఒక కంప్యూటరుకు ఇద్దరు కూర్చోవలసి వస్తే పక్కనున్నవారి మెడ గంటసేపు ఒకే వైపు తిరిగి ఉంటుంది. ఇరవై నిమిషాలకొకసారి చోట్లు మారండి. ట్రంకు పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టి నేల మీద కూర్చునేవారు గోడకు వీపు ఆనించి కూర్చోండి. వీలైతే విడి కీబోర్డు ఒకటి కొని, ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టుకోండి.

సెల్‌ఫోనుకూ ఇదే వర్తిస్తుంది. ఒక చేత్తోనే పట్టుకుని అదే బొటనవేలితో గంటల తరబడి కొడితే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తుంది. ఫోను ఒక చేత పట్టుకుని రెండో చేతి వేలితో రాయండి. పెద్ద సందేశాలైతే తెలుగులోనే మాట్లాడి టైపు చేయించుకునే వీలుంది, వాడుకోండి.

విరామం పని దొంగతనం కాదు

గంటకు 5 నిమిషాలు లేచి తిరగండి. మధ్యలో అరనిమిషం చేతులు ఒడిలో పెట్టుకుని, భుజాలు వదులు చేసి, కిటికీలోంచి దూరంగా చూడండి. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పరిశోధకులు డేటా ఎంట్రీ ఉద్యోగులకు అదనంగా ఇలాంటి 5 నిమిషాల విరామాలు ఇచ్చి చూసి, 2000లో ఫలితాలు ప్రకటించారు. చేతి, కంటి బాధలు తగ్గాయి, పని మాత్రం తగ్గలేదు. పై అధికారి అడిగితే చెప్పడానికి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

విరామంలో పిడికిలి మెల్లగా మూసి తెరవండి. ఒక చేయి ముందుకు చాపి, రెండో చేత్తో అరచేతిని 15 సెకన్లు కిందికి, 15 సెకన్లు పైకి వంచండి. భుజాలు గుండ్రంగా తిప్పండి. నొప్పి పుడితే ఆపేయాలి.

నొప్పి మొదలైతే

మొదట పని చేస్తున్నప్పుడే నొప్పి ఉంటుంది, రాత్రికి తగ్గుతుంది. తర్వాత పని ఆపినా తగ్గదు. చివరికి నిద్రలో కూడా ఉంటుంది. మొదటి దశలో పద్ధతి మార్చుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. తిమ్మిరి తరచుగా వస్తున్నా, వస్తువులు చేజారుతున్నా, బొటనవేలి కింది కండ పలచబడినా ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించుకోండి. రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ, ఫిజియోథెరపీ తొలిరోజుల్లో బాగా పనిచేస్తాయి. నొప్పి మాత్రలు మింగుతూ అదే పని అదే తీరున చేయడం మాత్రం ప్రమాదం.

పైన చెప్పిన మా మిత్రుణ్ణి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న 'ఎప్పుడు మొదలైంది?' అని. 'మూడేళ్లు' అని చెప్పేసరికి ఆయన కాసేపు మాట్లాడలేదట. మన పిల్లలకు నొప్పి ఓర్చుకోవడం చిన్నప్పటి నుంచే అలవాటు. అది మన బలమే గాని ఈ ఒక్క విషయంలో మాత్రం ఓర్చుకోవద్దు. మనకు పొలాలు లేవు, ఆస్తులు లేవు. చదువు తర్వాత మనకున్న పెట్టుబడి ఈ రెండు చేతులే. నొప్పి వస్తే పక్క మంచం స్నేహితుడికైనా, వార్డెన్ గారికైనా, పాత విద్యార్థులమైన మాకైనా చెప్పండి. చెప్పడంలో నామోషీ లేదు.