నీటిలో వేరూనిన కొమ్మ మట్టిలో నిలదొక్కుకునేదెలా?

తెలుగునాట మనీప్లాంట్ లేని ఇల్లు అరుదు. వంటగది కిటికీ పక్కన ఒక ఖాళీ సీసాలో నీరు పోసి, ఎవరో ఇచ్చిన కొమ్మను అందులో నిలిపితే రెండు మూడు వారాల్లో తెల్లని వేర్లు కనిపిస్తాయి. ఇంతవరకు దాదాపు అందరికీ సాధ్యమయ్యే పనే. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. అవే వేర్లతో కుండీలో నాటిన కొమ్మ వారం తిరగక ముందే ఆకులు వేలాడేసి, పసుపెక్కి, కాండం మొదలు మెత్తబడి చనిపోతుంది. నాటినవారు మట్టిని తప్పుపడతారు, లేదా తమ హస్తవాసిని నిందించుకుంటారు. చాలా సందర్భాల్లో తప్పు ఈ రెండింటిలోనూ ఉండదు. నీటిలో పుట్టిన వేరు నీటికి తగినట్లుగా పుడుతుంది. దానిని మట్టిలో పెట్టి, మట్టి వేరులా పనిచేయాలని కోరుకోవడంలోనే పొరపాటు ఉంది.

కణుపులో దాగిన వేరు

మనీప్లాంట్ శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియం. ఇది చేమ కుటుంబానికి చెందిన తీగ. పసిఫిక్ మహాసముద్రంలోని సొసైటీ దీవులలో ఒకటైన మోరియా దీని పుట్టినిల్లు. ఈ మొక్క సాధారణంగా పూత పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో లోపమే ఇందుకు కారణమని 2016లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. పూత లేదు కనుక విత్తనం లేదు. అంటే మన ఇళ్లలోని ప్రతి మనీప్లాంటూ ఏదో ఒక కొమ్మ ముక్క నుండి వచ్చినదే.

ఆ ముక్కలో ప్రాణం ఉండేది కణుపు దగ్గర. చెరకు సాగు తెలిసినవారికి ఈ విషయం వివరించనక్కరలేదు. చెరకు ముచ్చెలో కణుపు చుట్టూ వేరు మొగ్గల పట్టీ, దానితోపాటు కన్ను ఉన్నట్లే, మనీప్లాంట్ కణుపు వద్ద కూడా ఊడవేరు మొటిమలా పొడుచుకు వచ్చి ఉంటుంది. ఆకు కాడ మొదట్లో మొగ్గ నిద్రాణంగా ఉంటుంది. వేరు కాక ఇతర భాగాల నుండి పుట్టే ఇటువంటి వేర్లను అబ్బురపు వేర్లు అంటారు. కణుపు లేకుండా ఆకును కాడతో మాత్రమే తుంచి నీటిలో పెడితే, కాడ చివర వేర్లు రావచ్చు, ఆకు నెలల తరబడి పచ్చగానూ ఉండవచ్చు. కానీ మొగ్గ లేదు కనుక కొత్త తీగ ఎన్నటికీ రాదు.

కొమ్మ చివర్లలో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ హార్మోను కిందికి ప్రయాణించి కోత వద్ద పోగుపడుతుంది. వేరు పుట్టాలన్న ఆదేశం దాని నుండే వస్తుంది. 1935లో జిమ్మర్‌మన్, విల్కాక్సన్ అనే శాస్త్రవేత్తలు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లానికి వేర్లు పుట్టించే గుణం ఉందని వెల్లడించినప్పటి నుండి నర్సరీలలో దాని వాడకం స్థిరపడింది. మనీప్లాంట్, సింగోనియం, కోలియస్, ఫిలోడెండ్రాన్ వంటి మెత్తని కాండం మొక్కలకు మాత్రం ఈ మందు అవసరం లేదు. వాటిలోని సహజ ఆక్సిన్ సరిపోతుంది. మందార, గులాబీ వంటి గట్టి కొమ్మలను నీటిలో పెట్టి వేర్ల కోసం ఎదురుచూడడం కంటే ఇసుకలో నాటుకోవడం మేలు. కలబంద, జేడ్ వంటి రసభరిత మొక్కలకైతే నీరే శత్రువు. వాటి కోతను కొన్ని రోజులు ఆరనిచ్చి పొడి మిశ్రమంలో నాటాలి.

కొమ్మను పదునైన, శుభ్రమైన కత్తితో కణుపుకు ఒక సెంటీమీటరు దిగువన కోయాలి. మొద్దు కత్తెరతో నలిపి కోసిన చోట కుళ్ళు త్వరగా మొదలవుతుంది. రెండు మూడు కణుపులున్న ముక్కకు పైన ఒకటి రెండు ఆకులు చాలు. ఎక్కువ ఆకులుంటే వేర్లు రాకముందే నీటిని ఆవిరి చేస్తాయి. ఆకులన్నీ తీసివేస్తే వేర్ల పెరుగుదలకు కావలసిన పిండిపదార్థం కరవవుతుంది. ఈ మొక్కలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. రసం తగిలితే కొందరికి దురద పుడుతుంది, నమిలితే నోరు మండుతుంది. అందువల్ల కోసిన తరువాత చేతులు కడుక్కోవాలి, ముక్కలను పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా ఉంచాలి.

సీసాలో నిజమైన కొరత

సీసాలో నీటికి కొదవ లేదు. కొరత ఆక్సిజన్‌కు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరిగి ఉంటుంది. లీటరు గాలిలో అది సుమారు 270 మిల్లీగ్రాములు. పైగా నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. కోత దగ్గర కణాలు విభజన చెంది వేరుగా రూపొందే దశలో శ్వాసక్రియ ఉధృతంగా సాగుతుంది. ఆ కణాలు చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకున్నాక, నిలకడగా ఉన్న నీటిలో పైనుండి కొత్తది దిగిరావడానికి చాలా సమయం పడుతుంది.

ఎండకాలంలో పరిస్థితి మరింత విషమిస్తుంది. నీరు 35 డిగ్రీలకు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ సుమారు 7 మిల్లీగ్రాములకు, అంటే దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. అదే సమయంలో, ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు శ్వాసక్రియ రమారమి రెట్టింపవుతుంది. సరఫరా తగ్గి, అవసరం రెట్టింపయిన ఆ సీసాలో కుళ్ళు కలిగించే సూక్ష్మజీవులు మాత్రం హాయిగా పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి కిటికీలో పెట్టిన కొమ్మ కుళ్ళిపోవడానికీ, అదే కొమ్మ ఆగస్టులో సులువుగా వేరూనడానికీ కారణం ఇదే. నీరు నిలిచిన మొక్కజొన్న చేను పసుపెక్కడం వెనుక కూడా ఇదే సూత్రం ఉంది. సీసా ఆ చేనుకు చిన్న నమూనా.

కనుక సన్నని మెడ గల సీసాను మెడ వరకు నింపడం సరికాదు. వెడల్పు మూతి గల పాత్రలో, కింది ఒకటి రెండు కణుపులు మునిగేంత నీరు చాలు. ఆకు ఏదీ మునగకూడదు. మునిగిన ఆకు కుళ్ళుతూ మిగిలిన ఆక్సిజన్‌ను కూడా హరిస్తుంది. రెండు మూడు రోజులకొకసారి నీటిని పూర్తిగా మార్చాలి. తగ్గిన మేరకు పైన నీరు పోయడం మార్చినట్లు కాదు. కోత వద్ద జిగురు, దుర్వాసన కనిపిస్తే ఆ భాగాన్ని ఆరోగ్యమైన కణజాలం వరకు కోసి, పాత్రను తోమి, మళ్ళీ మొదలుపెట్టాలి. గాజు పారదర్శకంగా ఉంటే నాచు పెరుగుతుంది. అది పగలు ఆక్సిజన్‌ను విడిచినా రాత్రి తిరిగి పీల్చుకుంటుంది, వేర్లపై పొరగా పేరుకుంటుంది. వేర్లు పుట్టే చోట చీకటి ఉండడమే మంచిది కనుక సీసాకు గోధుమరంగు కాగితం చుట్టడం వల్ల రెండు విధాలా మేలు.

ఈ సంగతిని తరగతి గదిలో నిరూపించడం కష్టం కాదు. ఒకే తీగ నుండి తీసిన సమానమైన ముక్కలను మూడు పాత్రల్లో ఉంచి, ఒకదానిలో నీరు మార్చకుండా, రెండవదానిలో రోజూ మార్చుతూ, మూడవదానిలో చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపును అమర్చి, ఇరవై రోజుల పాటు వేర్ల సంఖ్యను, పొడవును నమోదు చేయించవచ్చు. ఒక్కొక్క పాత్రలో కనీసం ఐదు ముక్కలైనా ఉండాలి. ఒక్క ముక్కతో చేసిన ప్రయోగం ముచ్చటగానే మిగులుతుంది.

నీటి నాణ్యత గురించి ఒక మాట. కుళాయి నీటిలోని స్వల్ప క్లోరిన్ గురించి అతిగా చింతించనక్కరలేదు. రాత్రంతా తెరిచి ఉంచితే చాలావరకు పోతుంది. ఫ్లోరైడ్ అలా పోదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల బోరు నీటిలో డ్రసీనా జాతి మొక్కలను, అంటే లక్కీ బాంబూ పేరుతో అమ్మేవాటిని పెట్టరాదు. తాగునీటికి గరిష్ఠంగా అనుమతించిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిలోని నీరు సైతం వీటి ఆకుల చివరలను మాడ్చగలదు. వాననీరు పట్టి వాడుకోవడమే ఇందుకు మార్గం.

నీటి వేరు, మట్టి వేరు

నీటిలో పెరిగిన వేరును భూతద్దం కింద చూస్తే మూలకేశాలు కొద్దిగా మాత్రమే ఉంటాయి, కొన్నిసార్లు అసలే ఉండవు. నలువైపులా నీరే ఉన్నప్పుడు దానిని వెదకి పీల్చే నూగు అవసరం వేరుకు ఉండదు. వేరు లోపలి వల్కలంలో గాలి గదులు పెద్దవిగా ఏర్పడతాయి. దమ్ము చేసిన పొలంలో వరి వేర్లు చేసుకునే ఏర్పాటు వంటిదే ఇది. వేరు తెల్లగా, నీటితో ఉబ్బి, పెళుసుగా ఉంటుంది.

మట్టిలో నీరు రేణువులను అంటిపెట్టుకుని పలుచని పొరగా ఉంటుంది. ఆ పొరను అందుకోవాలంటే మూలకేశాలు రేణువుల మధ్యకు చొచ్చుకుపోవాలి. అవి లేని వేరు తడి మట్టిలో ఉండి కూడా దాహంతో ఉంటుంది. ఆకులు వాలుతాయి. ఇంటివారు నీరు చాలలేదనుకుని మరింత పోస్తారు. మట్టిలోని గాలి ఖాళీలు నీటితో నిండి ఆక్సిజన్ అందక పెళుసు వేర్లు కుళ్ళుతాయి. కుళ్ళిన కొద్దీ ఆకులు ఇంకా వాలుతాయి, మళ్ళీ నీరు పోస్తారు. కుండీలో మొక్కను చంపేది ఈ వలయమే. నీరు తక్కువై చనిపోయే వాటికంటే ఇలా చనిపోయేవే ఎక్కువ.

కుండీ మొక్కే లక్ష్యమైతే నీటి దశ అసలు అవసరమా అన్న ప్రశ్న సహజం. అవసరం లేదు. తూర్పు గోదావరి జిల్లా కడియం పరిసరాల నర్సరీలలో ఇటువంటి తీగలను సాధారణంగా సంచులలోని మిశ్రమంలో నేరుగా నాటి, నీడ వలల కింద పెంచుతారు. అక్కడ పుట్టే వేరు మొదటి నుండి మట్టి వేరే. సీసా పద్ధతి విలువ వేరు పుట్టుకను కళ్ళారా చూడడంలో, కొద్దిపాటి కొమ్మలను ఇంట్లో కాపాడుకోవడంలో ఉంది.

మూన తిరిగే రోజులు

నీటిలో వేరూనిన కొమ్మను మట్టికి మార్చదలచినవారు ఎక్కువ రోజులు ఆగరాదు. వేర్లు 3 నుండి 5 సెంటీమీటర్ల పొడవు పెరిగి, పక్క వేర్లు తలెత్తుతున్న దశ సరైనది. జానెడు వేర్లు అల్లుకునే వరకు ఆగితే నాటేటప్పుడు సగం విరుగుతాయి, మిగిలినవి కొత్త పరిస్థితికి మారలేవు. అంత పెరిగిన కొమ్మను నీటిలోనే ఉంచడం, లేదా వేర్లను కత్తిరించి కొత్తగా మిశ్రమంలో నాటడం మంచిది.

రెండు వంతుల కొబ్బరి పొట్టు, ఒక వంతు ముతక ఇసుక, ఒక వంతు వర్మికంపోస్టు కలిపిన మిశ్రమం తేమను, గాలిని రెండింటినీ నిలుపుతుంది. అడుగున రంధ్రమున్న చిన్న కుండీనే ఎంచుకోవాలి. పెద్ద కుండీలో వేర్లు అందుకోని తడి ఎక్కువగా నిలిచిపోతుంది. వేర్లను పరిచి, మిశ్రమాన్ని వాటి మధ్యకు వదులుగా జార్చాలి, బొటనవేళ్లతో అదమకూడదు. నారు మడి నుండి పీకి నాటిన వరి మూన తిరగడానికి కొన్ని రోజులు పట్టినట్లే ఈ మొక్కకూ పది నుండి పదిహేను రోజులు కావాలి. ఆ రోజుల్లో మిశ్రమం తడిగా ఉండాలి కానీ అడుగున నీరు నిలవరాదు. నీడలో ఉంచి, చిల్లులు పెట్టిన పాలిథీన్ సంచిని కప్పితే ఆకుల నుండి ఆవిరి తగ్గి, కొత్త వేర్లు వచ్చే వరకు మొక్క తట్టుకుంటుంది. కొత్త ఆకు విచ్చుకోవడం మొదలైతే మట్టి వేర్లు పనిలో పడ్డాయని అర్థం. అంతవరకు ఏ ఎరువూ వేయకూడదు.

నీటిలోనే ఉంచేవారికి

మనీప్లాంట్‌ను ఏళ్ల తరబడి నీటిలోనే పెంచవచ్చు. అయితే వట్టి నీటిలో పోషకాలు చాలవు. నత్రజని లోపంతో ముందు కింది ఆకులు పాలిపోతాయి. నీటిలో కరిగే సమగ్ర ఎరువును సిఫారసు చేసిన మోతాదులో నాలుగో వంతుకు తగ్గించి నెలకొకసారి ఇవ్వాలి. చెంచాడు యూరియా వేసిన సీసాలో వేర్లు మాడతాయి.

అంతకంటే ముఖ్యమైనది దోమ. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై దోమ మురుగు కంటే ఇళ్లలోని ఇటువంటి చిన్నచిన్న నీటి నిల్వలనే కోరుకుంటుంది. గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర గోడలకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి సజీవంగా ఉండి, నీరు తగలగానే పొదుగుతాయి. వెచ్చని వాతావరణంలో గుడ్డు పొదిగిన వారం పది రోజుల్లో రెక్కల దోమ బయటికి వస్తుంది. అందువల్ల వేరూనిన తరువాత కూడా నీటిని వారానికొకసారి తప్పక మార్చాలి. గ్రామాల్లో, పట్టణాల్లో పాటించే 'డ్రై డే' నాడే ఈ పని పెట్టుకుంటే మరచిపోయే వీలుండదు. నీరు పారబోసినంత మాత్రాన గుడ్లు పోవు. పాత్ర లోపలి గోడలను, ముఖ్యంగా నీటి అంచు గీత పడిన చోటును, పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. కాండం చుట్టూ మిగిలే సీసా మూతిని దూదితో గానీ పలుచని గుడ్డతో గానీ మూసితే గాలి ఆడుతుంది, దోమ దూరదు. పారబోసే నీటిని కాలువలోకి, తొట్టిలోకి కాక ఎండిన నేలపై పోయాలి.