ఆరోగ్య పాఠం: ఏళ్ళ తరబడి మన్నే వంటపాత్రలు

వంటపాత్ర కొనేటప్పుడు మనం ధర అడుగుతాము, మెరుపు చూస్తాము. అందులో ఏమి వండుతామో ఆలోచించము. పాత్ర మన్నాలి, దానిలోని చెడు మన అన్నంలోకి దిగకూడదు. టేక్మాల్ చుట్టుపక్కల కుటుంబాలు జోగిపేటకో, మెదక్‌కో సామాన్లు కొనడానికి వెళ్ళేముందు ఈ పాఠం చదవాలని మా మనవి.

1. అడుగు, పిడి చూడండి
గిన్నె చేతికి బరువుగా ఉండాలి. నేల మీద పెడితే ఊగకూడదు. పలుచని అడుగు త్వరగా సొట్టపడుతుంది, అన్నం మాడుతుంది. పిడి రివిట్లు గట్టిగా ఉండాలి. గంజి వార్చేటప్పుడు పిడి ఊడితే పక్కనున్న బిడ్డ ఒళ్ళు కాలుతుంది.

2. కూరకు ఇనుప మూకుడు
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇథియోపియాలో జరిగి 1999లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇనుప పాత్రలో వండినవి తిన్న పిల్లలకు అల్యూమినియం పాత్రలవారి కంటే హిమోగ్లోబిన్ ఎక్కువ పెరిగింది. అలాగని గర్భిణులు ఐరన్ మాత్రలు మానకూడదు. మూకుడును కడిగి, వెంటనే తుడిచి, కాస్త నూనె రాసి ఉంచితే కోడలి కాలం దాకా వస్తుంది.

3. పులుసుకు స్టీలు
పులుసు, పచ్చడి అడుగు మందమైన స్టీలు గిన్నెలో ఉంచండి. పుల్లని పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిల్వ ఉంచడం మంచిది కాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలలో తెలిపింది.

4. ఇత్తడికి కళాయి
ఇత్తడి తరాలపాటు వస్తుంది. అయితే లోపలి కళాయి అరిగి పసుపు రంగు బయటపడితే, పులుపు తగిలి రాగి కరుగుతుంది. కడుపునొప్పి, వాంతులు రావచ్చు. మళ్ళీ కళాయి వేయించేదాకా అందులో వండకండి.

5. సిల్వర్ గిన్నెలు
మనం సిల్వర్ అనేది అల్యూమినియమే. తుక్కు కరిగించి పోసిన గిన్నెలలో సీసం ఉండవచ్చు. అఫ్ఘాన్ శరణార్థి కుటుంబాలు వాడే అల్యూమినియం కుక్కర్ల నుండి సీసం దిగుతోందని అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు 2022లో తెలిపారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పైకి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. ముద్ర చూసి కొనండి.

అన్నీ ఒకేసారి కొననక్కరలేదు. ఒక ఇనుప మూకుడు, రెండు మందపాటి స్టీలు గిన్నెలతో మొదలుపెట్టండి. పలుచనివి నాలుగు కొనేకంటే మంచిది ఒకటి కొనడం మేలు.

ఇంట్లో మాట్లాడుకోండి:
• మన ఇంట్లో పిడి వదులైన గిన్నె ఉందా?
• నిన్నటి పులుసు ఏ గిన్నెలో ఉంది?
• ఇత్తడి గిన్నెకు కళాయి ఎప్పుడు వేయించాము?