ఓడకు మినహాయింపు ఎవరిస్తారు? నౌకా భద్రతలో ఎక్కువమందికి తెలియని కొలువులు

కాకినాడ తీరానికి దూరంగా లంగరు వేసిన ఓడలోకి బార్జీల మీద బియ్యం బస్తాలు చేరుతున్నాయనుకోండి. రేపు తెల్లవారుజామున ఓడ బయల్దేరాలి. ఈ రాత్రి సెకండ్ ఇంజినీరుకు కడుపునొప్పి ముదిరింది. పడవలో ఒడ్డుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ తప్పదన్నారు. ప్రతి ఓడకూ ‘మినిమమ్ సేఫ్ మ్యానింగ్ డాక్యుమెంట్’ అనే పత్రం ఉంటుంది. ఏ హోదాలో, ఏ సర్టిఫికెట్‌తో కనీసం ఎంతమంది ఉంటేనే ఆ ఓడ కదలాలో అందులో రాసి ఉంటుంది. సెకండ్ ఇంజినీరు పోస్టు ఆ జాబితాలో ఉంది. బదులు మనిషి రావాలంటే వీసా, వైద్య పరీక్ష, విమానం అంటూ రోజులు పడతాయి. ఓడ ఆగిన ప్రతి రోజుకూ కంపెనీకి నష్టమే.

అప్పుడు మొదటి ఫోన్ మోగేది ఒడ్డున ఉన్న ఆఫీసులో, ఒక సూపరింటెండెంట్ బల్ల మీద. ఆయన రాసే దరఖాస్తు ఓడ మీద ఏ దేశపు జెండా ఎగురుతోందో ఆ దేశపు నౌకా పరిపాలన విభాగానికి వెళ్తుంది. పనామా జెండా ఉంటే పనామాకు, మన జెండా ఉంటే ముంబయిలోని డీజీ షిప్పింగ్‌కు. మెరైన్ కెరీర్ అనగానే తెల్ల యూనిఫాం, డాలర్ల జీతం గుర్తొస్తాయి. ఈ దరఖాస్తు రాసేవారి గురించి, దాన్ని పరిశీలించి సరే అనో కాదనో చెప్పేవారి గురించి, తర్వాతి రేవులో ఆ కాగితాన్ని పట్టి పట్టి చూసేవారి గురించి మన విద్యార్థులకు చెప్పేవాళ్లు తక్కువ.

ఆ ఓడ సంగతి ముగిద్దాం. నావికుల శిక్షణ, సర్టిఫికెట్లకు ప్రపంచమంతటికీ ప్రమాణం ఎస్టీసీడబ్ల్యూ ఒప్పందం. 1978లో కుదిరింది, 1984లో అమల్లోకి వచ్చింది. 1995లోనూ, 2010లో మనీలాలోనూ దాన్ని పెద్దఎత్తున సవరించారు. దాని ఎనిమిదో అధికరణం ‘డిస్పెన్సేషన్’ గురించి చెబుతుంది. తప్పనిసరి పరిస్థితి అయితే ఒక నావికుణ్ని తన సర్టిఫికెట్‌కు మించిన పోస్టులో పనిచేయనివ్వవచ్చు. అయితే అది ఫలానా ఓడలో, ఫలానా గడువుకే. గడువు ఆరు నెలలు దాటకూడదు. అతనికి సరిగ్గా కింది పోస్టుకు తగిన సర్టిఫికెట్ ఉండి తీరాలి. అంటే థర్డ్ ఇంజినీరును సెకండ్‌గా కూర్చోబెట్టవచ్చు, ఫిట్టర్‌ను కూర్చోబెట్టలేరు. మాస్టర్, చీఫ్ ఇంజినీరు పోస్టులకైతే ఎవరి చేతిలోనూ లేని విపత్తు వస్తే తప్ప ఇవ్వరు, అదీ అతి తక్కువ కాలానికే. ఏడాదిలో ఎన్ని ఇచ్చారో ప్రతి దేశమూ అంతర్జాతీయ నౌకా సంస్థ ఐఎంఓకు లెక్క చెప్పాలి.

కాగితం వచ్చేసింది కదా అని మంచి సూపరింటెండెంట్ ఊరుకోడు. థర్డ్ ఇంజినీరు పైకి వెళ్తే అతని వాచ్ డ్యూటీ ఎవరు చూస్తారు? నావికుడికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది నియమం. దీనికీ సడలింపు ఉంది. వారానికి 70 గంటల దాకా తగ్గించవచ్చు గానీ వరసగా రెండు వారాలకు మించి కుదరదు. ఆ తర్వాత, సడలించిన కాలానికి రెట్టింపు కాలం గడిస్తేనే మళ్లీ సడలించాలి. ఒక మినహాయింపు ఇంకో నియమాన్ని తొక్కేస్తుందేమో ముందే లెక్కగట్టడమే ఈ ఉద్యోగంలో అసలు పని.

మనుషుల సంగతి ఇదైతే, ఓడ నిర్మాణం, పరికరాల సంగతి సోలాస్ ఒప్పందం చూస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1974 నాటిది. యుద్ధ నౌకలు, చేపల పడవలు, వ్యాపారానికి వాడని విహార నౌకలు, పాత పద్ధతిలో కట్టిన చెక్క ఓడలు, 500 గ్రాస్ టన్నుల లోపు సరకు ఓడలు దాదాపుగా దాని పరిధిలోకే రావు. విశాఖ, నిజాంపట్నం హార్బర్ల నుంచి వేటకు వెళ్లే బోట్లకు సోలాస్ సర్టిఫికెట్ అడగకపోవడానికి కారణం ఇదే. వాటిని చూసుకునే నియమాలు వేరు. ఇది మినహాయింపు కాదు, చట్టం గీసిన గీతకు అవతల ఉండటం.

మినహాయింపు గీత లోపలి ఓడకు ఇచ్చేది. రేవు దాటి ఎన్నడూ వెళ్లని టగ్‌ను వేరే దేశం కొనుక్కుంటే, అక్కడికి ఒకే ఒక్క అంతర్జాతీయ ప్రయాణం చేయాలి. ఆ ఒక్కసారి కోసం మహాసముద్రాల పరికరాలన్నీ బిగించమనడం అర్థం లేని పని. కొత్త రకం డిజైన్‌తో కట్టిన ఓడకు పాత నియమం అడ్డొస్తుంది. తీరానికి 20 మైళ్ల లోపే, అలల తాకిడి తక్కువగా ఉండే నీళ్లలో తిరిగే ఓడకు కొన్ని నిబంధనలు అనవసరం. ఇలాంటి చోట్ల సర్వే చేసి, షరతులు పెట్టి ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఏ సర్టిఫికెట్‌కు అనుబంధమో దాని గడువు దాటి బతకదు. ఈక్వివలెన్స్ అని మరొకటుంది. నియమం చెప్పిన పరికరం లేకపోయినా, అంతే భద్రతనిచ్చే మరో పరికరం ఉందని పరీక్షలతో రుజువు చేయడం. ఇంటర్వ్యూల్లో ఈ రెండింటికీ తేడా అడిగితే తడబడేవాళ్లు చాలామంది. మొదటిదాంట్లో నియమాన్ని పక్కన పెడతారు, రెండోదాంట్లో నియమం కోరినదాన్ని వేరే దారిలో సాధిస్తారు.

ఇక మూడో రకం, ప్రమాదకరమైనది. కొత్త నియమం వచ్చినా పాత ఓడలను పాత నియమం కిందే వదిలేయడం. అమెరికా సరకు ఓడ ఎల్ ఫారో 1975లో తయారైంది. 1986 జులై 1 తర్వాత కట్టిన సరకు ఓడలకు పైకప్పు మూసుకునే లైఫ్‌బోట్లు తప్పనిసరి చేశారు. ఎల్ ఫారోకు మాత్రం పైకప్పు లేనివే మిగిలాయి. 2005-06లో ఓడలో చెప్పుకోదగ్గ మార్పులే చేశారు. వాటిని ‘మేజర్ కన్వర్షన్’ అని తేల్చి ఉంటే కొత్త ప్రమాణాలు పాటించాల్సి వచ్చేది. అలా తేల్చలేదు. 2015 అక్టోబరు 1న జాక్సన్‌విల్ నుంచి ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌కు వెళ్తూ జోక్విన్ హరికేన్‌లో ఓడ మునిగింది. అందులో ఉన్న 33 మందీ చనిపోయారు. తుపానును తప్పించుకోవడానికి కెప్టెన్ తగినంత చేయకపోవడమే ప్రధాన కారణమని దర్యాప్తు సంస్థ చెప్పింది. అలాంటి సముద్రానికి తగిన ప్రాణరక్షక పడవలు లేకపోవడం ప్రాణనష్టానికి తోడైందని కూడా చెప్పింది. ఒక మార్పును పెద్దదనాలా, చిన్నదనాలా అన్నది ఆఫీసులో కూర్చుని తీసుకునే నిర్ణయమే. ఈ ఉద్యోగాల్లో చేరదలచినవారు ఆ దర్యాప్తు నివేదికను ఒకసారైనా చదవాలి.

షరతులు పెట్టే తీరుకు అమెరికాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. డెల్టా క్వీన్ అనే పాత నదీ నౌక పైభాగమంతా చెక్క. 1966 నాటి భద్రతా చట్టం అలాంటివాటిలో ప్రయాణికులను రాత్రిళ్లు ఉంచరాదంటే, అమెరికా కాంగ్రెసే ప్రత్యేక చట్టాలతో దాన్ని 2008 దాకా నడవనిచ్చింది. 2018లో మళ్లీ అనుమతిస్తూ ఏటా చెక్క భాగాల్లో కనీసం పదో వంతును మార్చాలని షరతు పెట్టింది. మినహాయింపు ఇస్తే ఇలా ఇవ్వాలి. ఏళ్లు గడిచేకొద్దీ దాని అవసరమే తగ్గిపోవాలి.

మరి ఉద్యోగాలు ఎక్కడున్నాయి? షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీల్లో టెక్నికల్, మెరైన్ సూపరింటెండెంట్లు ఉంటారు. ఓడల భద్రతా నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఎం కోడ్ ప్రకారం ప్రతి కంపెనీలో ఒడ్డున ఒక బాధ్యుడు ఉండాలి. ఆయన్ని డీపీఏ (డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్) అంటారు. కంపెనీ పైస్థాయి యాజమాన్యంతో నేరుగా మాట్లాడే అధికారం ఆయనకు ఉంటుంది. సిబ్బంది ఏర్పాట్లు చూసే క్రూయింగ్ విభాగం వేరు. ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ వంటి క్లాసిఫికేషన్ సంస్థల్లో సర్వేయర్లు ఉంటారు. చాలా దేశాలు తమ తరఫున సర్వే చేసే అధికారాన్ని ఈ సంస్థలకే అప్పగిస్తాయి. ప్రభుత్వం వైపు మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఉంది, విశాఖలోనూ కార్యాలయం ఉంది. అందులోని సర్వేయర్ పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. నాటికల్ సర్వేయర్‌కు మాస్టర్ సర్టిఫికెట్, ఇంజినీర్ సర్వేయర్‌కు మెరైన్ ఇంజినీరింగ్ క్లాస్ 1 సర్టిఫికెట్ ఉండాలి. విదేశీ ఓడలు మన రేవుకొస్తే తనిఖీ చేసి, మనుషులు తక్కువై డిస్పెన్సేషన్ కూడా లేకపోతే ఆపేసే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అధికారులు వీరే.

దీన్నిబట్టి నేరుగా ఈ కుర్చీల్లోకి దారి లేదని మీకు అర్థమై ఉంటుంది. ఎక్కువ కొలువులకు ముందు సముద్రంలో ఏళ్లు గడపాలి. ఇంటర్ ఎంపీసీ తర్వాత ఇండియన్ మారిటైం యూనివర్సిటీ (ఐఎంయూ) ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాసి నాలుగేళ్ల మెరైన్ ఇంజినీరింగ్ బీటెక్, మూడేళ్ల నాటికల్ సైన్స్ బీఎస్సీ లేదా ఏడాది డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) కోర్సు చేయవచ్చు. మెకానికల్ బీటెక్ వారికి ఏడాది జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్) కోర్సు ఉంది. రంగులు గుర్తించలేని సమస్య ఉంటే ఈ దారి మూసుకున్నట్టే, కాబట్టి కోచింగ్ ఫీజు కట్టేముందే కంటి పరీక్ష చేయించుకోండి. సముద్రానికి వెళ్లడం ఇష్టం లేనివారికి విశాఖలోని ఐఎంయూ క్యాంపస్‌లో నావల్ ఆర్కిటెక్చర్ ఉంది. ఈక్వివలెన్స్‌కు లెక్కలు చేసి రుజువు చూపేది ఎక్కువగా ఈ డిగ్రీవారే. లా చదివినవారికి నౌకా బీమా, న్యాయసేవల సంస్థల్లో అవకాశాలున్నా, ఓడ ఎక్కి వచ్చి తర్వాత లా చదివినవారిదే పైచేయి అని నా అభిప్రాయం.

తీర ప్రాంత సర్టిఫికెట్ల గురించి ఒక మాట. నియర్ కోస్టల్ వాయేజ్ సర్టిఫికెట్ ప్రమాణాలు కాస్త తేలిక. తీరానికి దగ్గరగా తిరిగే ఓడలకు నియమాలు సడలించడం వల్ల వచ్చిన వెసులుబాటు అది. దాంతో త్వరగా ఉద్యోగం దొరకవచ్చు. విదేశీ ప్రయాణాల ఓడలో అది నేరుగా చెల్లదు. సర్వేయర్ కావాలన్న ఆలోచన ఉంటే మొదటి నుంచీ ఫారిన్ గోయింగ్ దారి పట్టడమే మేలు. 2025లో పార్లమెంటు 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని, దాంతోపాటు తీర నౌకాయానానికి వేరే చట్టాన్ని ఆమోదించింది. పాత పుస్తకాలతో పరీక్షలకు చదివేవారు సెక్షన్ నంబర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

ఓడలో చేరాక ఎప్పుడైనా పై పోస్టుకు మీ పేరుతో డిస్పెన్సేషన్ వస్తే పొంగిపోకండి. అందులో ఓడ పేరు, పోస్టు, గడువు చూసుకోండి. నకలు దగ్గర పెట్టుకోండి. విశ్రాంతి గంటల రికార్డులో నిజంగా విశ్రాంతి తీసుకున్న గంటలే రాయండి. తేడా వస్తే తనిఖీ అధికారి అడిగేది సంతకం చేసిన మిమ్మల్నే.

చివరగా, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీర జిల్లాల్లో పదో తరగతి, ఇంటర్ అయిన కుర్రాళ్లకూ వారి తల్లిదండ్రులకూ ఒక విన్నపం. ‘కోర్సులు అక్కర్లేదు, ఎగ్జెంప్షన్ తెప్పించి ఓడెక్కిస్తాం’ అని లక్షలు అడిగే ఏజెంట్లు తిరుగుతుంటారు. డిస్పెన్సేషన్‌ను ప్రభుత్వం ఓడ అవసరం కోసం, అప్పటికే సర్టిఫికెట్ ఉన్న అధికారికి ఇస్తుంది. సముద్రం చూడని కుర్రాడికి ఏ దేశమూ ఇవ్వదు. ప్రాథమిక భద్రతా శిక్షణ లేకుండా, నావికుడి సర్వీసు పుస్తకమైన సీడీసీ లేకుండా ఉద్యోగం అన్నవాడు అబద్ధమాడుతున్నాడు. డబ్బు చేతికిచ్చేముందు ఆ ఏజెన్సీకి నావికుల నియామకాలకు అనుమతిచ్చే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూడండి. అక్కడ పేరు లేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.