కట్టె పనికి వచ్చే ముందు

కుందుర్పి

చిరంజీవి అల్లుడికి మామ దీవించి రాసేది.

దీపావళికి బెంగళూరు నుంచి వచ్చి ఈసారి వేరుశనగ బుడ్డల కట్టె పని నువ్వే చూస్తానన్నావంట. అది విని మీ అత్త ఒకటే నవ్వు. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావని రాస్తున్నా.

మిషన్ తెచ్చి కట్టలు కట్టిద్దామంటావు. తుంగభద్ర కాలవ కింద వరిగడ్డికి అది బాగానే కుదురుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగనుకునే మనకు కట్టే మేత. వరిగడ్డి కంటే ఇదే బలమైన మేత, ఆ బలమంతా ఆకులో ఉంటుంది. చిక్కల్లా అక్కడే. మిట్టమధ్యాహ్నం ఎండలో ముట్టుకుంటే ఆకు పొడై రాలిపోయి, ఎద్దులకు పుల్లలు మిగుల్తాయి. కాయ కొట్టినాక బాగా ఎండనిచ్చి, తెల్లవారుజామున మంచుకు ఆకు కాస్త మెత్తబడినప్పుడు ఎత్తు. మంచు ఎక్కువైతే మాత్రం ఆగు. నువ్వు తొమ్మిదింటికి లేస్తావని మీ అమ్మ చెప్పింది, అది వేరే సంగతి.

ఒక ఏడు మబ్బు చూసి భయపడి, పచ్చి ఆరకముందే వామి వేసేశాను. నాలుగో రోజు నడిమధ్యలోంచి ఆవిరి లేచింది. దారిన పోయేవాడు "అన్నా, సంగటి ఉడుకుతాందా?" అన్నాడు. వామంతా విప్పి పరిచేసరికి నడుము విరిగింది. లోపల బూజు, నల్లటి ముద్దలు. ఎద్దు వాసన చూసి, నా ముఖం చూసి, అటు తిరిగింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పట్నుంచి వామిలోకి ఇనుప చువ్వ గుచ్చి పెడతాను. కాసేపటికి లాగి పట్టుకుంటే చెయ్యి కాలిందా, ఆ పూటే విప్పాలి. ఆలస్యం చేస్తే దానంతటదే అంటుకుంటుంది కూడా.

అడుగున రాళ్లు పరుచు, చెదలు పట్టకుండా. అంచుల నుంచి తొక్కుతూ రా. మధ్యలో పోసి తొక్కితే పక్కలకు జారి, నువ్వూ దాంతో పాటే జారుతావు. మీ నాయన జారితే కింద మేకలు మేస్తున్నాయి. ఆయనకేం కాలేదు, మేకలే వారం రోజులు ఆ దిక్కు రాలేదు.

గాలి లేచినాక మోపు ఎత్తొద్దు. మనం మోసేది సగం, కర్ణాటకకు పోయేది సగం.

వచ్చేటప్పుడు కళ్యాణదుర్గంలో దిగి పెద్ద టార్పాలిన్ ఒకటి, నీ ముక్కుకు కట్టుకోను మంచి గుడ్డ ఒకటి తీసుకో. ఉన్న టార్పాలిన్ మీద మీ అత్త ఒడియాలు పెట్టింది, ఇవ్వనంటోంది.