సలహా కూడా అమానతే

సదఖా అనగానే మన చెయ్యి జేబు వైపు వెళుతుంది. కాని దారిలోని ముల్లును తీసివేయడం, దారి తెలియనివారికి దారి చూపడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరిని సలహా అడుగుతామో అతను అమానతుదారుడని కూడా ఆయనే తెలియజేశారు. అంటే తెలిసిన మంచిమాట చెప్పడం పుణ్యం. తెలియని మాట చెప్పడం అమానతులో ఖియానత్.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ సంగతి మనకు అనుభవంలోకి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లో బైకులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ బండి మీదే కూరగాయలు, పార్శిళ్లు వేసుకుని ఇల్లు నడుపుకునే కుటుంబాలు ఎన్నో. అలాంటప్పుడు "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడు భాయ్" అనడం చాలా తేలిక.

కాని నీరు గాలిలాగా అణగదు. సిలిండర్‌లో నీరుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకి రాలేక రాడ్ వంగిపోవచ్చు. నీరు కలిసిన ఆయిల్‌తో ఇంజన్ తిరిగితే బేరింగులు దెబ్బతింటాయి. కనుక మునిగిన బండికి తాళం తిప్పకూడదు. ముందు ఫొటోలు తీసి బీమా కంపెనీకి తెలపాలి. బ్యాటరీ వైర్లు విప్పి, బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. అతను ప్లగ్ విప్పి సిలిండర్‌లోని నీరు బయటికి పంపిస్తాడు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే. దాన్ని, ఫిల్టర్లను మార్చాలి.

బీమాలోనూ తేడా ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరదలో పాడైన మన బండికి పరిహారం రాదు. పూర్తి బీమా ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పాడుచేసుకుంటే ఆ ఖర్చును కంపెనీ కాదనవచ్చు.

తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టమనడం మరో అలవాటు. బియ్యం ఫోన్ లోపలి నీటిని లాగలేదు, పైగా దాని పొడి ఛార్జింగ్ రంధ్రంలో చేరుతుంది. ఫోన్ ఆపేసి, సిమ్ ట్రే తీసి, రంధ్రం కిందికి ఉండేలా గాలి తగిలేచోట ఉంచాలి. ఛార్జర్ పెట్టకూడదు. వరదనీటిలో పడినదైతే ఆరినా లోపల తుప్పు పడుతుంది, రిపేరు చేసేవారికి చూపించాలి.

మరి మంచివాళ్లే తప్పు సలహా ఎందుకిస్తారు? "మా బండి అలాగే స్టార్ట్ అయింది" అన్న ఒక్క అనుభవమే వారికి రుజువు. అలా చేసి ఇంజన్ పోగొట్టుకున్నవారు వారికి తారసపడి ఉండరు. అందుకే నోరు తెరిచే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. అసలు ఏం జరిగిందో పూర్తిగా విన్నానా? ఇది నాకు తెలిసిన విషయమా, విన్న మాటా? నా మాట తప్పయితే నష్టం ఎవరికి, ఎంత? ఆగితే ఒకటి రెండు రోజులు పోతాయి, తొందరపడితే ఇంజనే పోతుంది. ఏ తప్పు చౌకో లెక్క వేస్తే సలహా దానంతటదే తేలుతుంది. తెలియకపోతే "నాకు తెలియదు, తెలిసినవారి దగ్గరికి తీసుకెళతాను" అనడం చిన్నతనం కాదు.

దాతలకు ఒక విన్నపం. వరద సాయంలో బియ్యం, దుప్పట్లతోపాటు ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్‌నూ, కొన్ని డబ్బాల ఇంజన్ ఆయిల్‌నూ లెక్కలో వేయండి. రేషన్ కిట్టు కొన్నాళ్లకు అయిపోతుంది. బండి నడిస్తే ఆ ఇంటి పొయ్యి రోజూ వెలుగుతుంది.

మన ధనాన్నీ, మన మాటనూ ఇతరులకు మేలు చేసేవిగా అల్లాహ్ స్వీకరించుగాక! ఆమీన్.